అప్పు దొరుకుతుంది, చోటు దొరకదు

మా ఊళ్ళో కాలవ వంతెన దిగగానే ఎడమచేతి వైపు, రావిచెట్టు కింద ఓ జామకాయల బండి ఉంటుంది. ఎండాకాలం వస్తే అదే బండి మీద మామిడిపళ్ళు, పక్కన గోనెపట్టా మీద తాటిముంజలు. సంక్రాంతి నెల పట్టేసరికి తేగల కట్టలు. సరుకు మారుతుంది గానీ మనిషి మారదు. పదిహేనేళ్ళుగా ఆవిడే. ఊళ్ళో అందరికీ జామకాయల పిన్ని.

మొన్నామధ్య ఓ సాయంత్రం వెళ్ళేసరికి బండి ఉంది, కాయలున్నాయి, పిన్ని మాత్రం కాయల్ని కుప్పలు పోసి కుప్ప లెక్కన అమ్ముతోంది. "కాటా ఏదీ పిన్నీ?" అన్నాను. "అట్టుకుపోయేరు బాబూ" అంది. మధ్యాహ్నం మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చిందట. బండి జోలికి పోలేదు, కాయల జోలికీ పోలేదు. ఎలక్ట్రానిక్ కాటా ఒక్కటే తీసి ట్రాక్టర్లో పడేసుకుని వెళ్ళిపోయారు. తెలివైన పనే. బండి ఎత్తాలంటే నలుగురు కావాలి, కాటాకి ఒక్క చెయ్యి చాలు. కాటా లేకపోతే బండి ఉన్నా లేనట్టే.

"లోనెట్టి కొన్న కాటా అండి అది. ఇంకా ఐదు కిస్తీలున్నాయి" అంది పిన్ని, కుప్పలోంచి ఓ కాయ తీసి పక్క కుప్పలో వేస్తూ.

ఆ లోను ఇప్పించింది మెప్మా ఆర్పీ, అంటే పట్నాల్లో పొదుపు సంఘాల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ తరఫు మనిషి. ఆవిడ కూర్చునేదీ మున్సిపల్ ఆఫీసులోనే. ఒకే ఆఫీసు ఓ గుమ్మంలోంచి అప్పు ఇప్పించి, ఇంకో గుమ్మంలోంచి ట్రాక్టరు పంపించి ఆ అప్పుతో కొన్న కాటా తెప్పించుకుంది. ఆ ఆర్పీ మంచిదే, చాలా ఓపిగ్గా కాగితాలు నింపి పెట్టింది. ట్రాక్టరు మీద వచ్చిన కుర్రాళ్ళూ చెప్పిన పని చేసినవాళ్ళే. చిక్కు మనుషుల్లో లేదు. వీధి వ్యాపారులకి ప్రభుత్వ సాయం అని మనం ఒక్క మాటలో అనేసేది నిజానికి ఒక్కటి కాదు. అప్పు ఢిల్లీ పథకం, ఇచ్చేది బ్యాంకు. గుర్తింపు కార్డు మున్సిపాలిటీ చేతిలో ఉంది. బండి పెట్టుకునే చోటు మాత్రం ఓ చట్టం చేతిలో, ఆ చట్టం పెట్టమన్న ఓ కమిటీ చేతిలో ఉంది. వీటిలో ఒకదాని సంగతి ఇంకోదానికి పట్టదు.

అప్పు సంగతి

తేలికైనది ముందు చూద్దాం. వీధి వ్యాపారులకి అప్పులిప్పించే కేంద్ర పథకం పీఎం స్వనిధి 2020 జూన్ 1న మొదలైంది. లాక్‌డౌన్‌లో బండ్లన్నీ మూలపడి, చేతిలో ఉన్న పెట్టుబడి ఇంటిఖర్చుకి కరిగిపోయిన రోజులవి. పూచీకత్తు అక్కర్లేకుండా మొదట 10,000 రూపాయలు, అది తీరిస్తే 20,000, అదీ తీరిస్తే 50,000. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఈ అప్పుల గడువును 2030 మార్చి 31 దాకా పొడిగించి, మొదటి విడతను 15,000కి, రెండోదాన్ని 25,000కి పెంచింది. మూడోది 50,000 దగ్గరే ఉంచింది. కిస్తీలు గడువులో కడితే 7 శాతం వడ్డీ రాయితీగా ఖాతాలో పడుతుంది. ఫోన్‌లో డబ్బు తీసుకునేవాళ్ళకి 1,600 దాకా క్యాష్‌బ్యాక్ ఉంది. రెండో లోను తీర్చినవాళ్ళకి యూపీఐతో కలిపిన రూపే క్రెడిట్ కార్డు కూడా ఇస్తామన్నారు. మన రాష్ట్రంలో 2020 నవంబరులో జగనన్న తోడు పేరుతో 10,000 సున్నా వడ్డీ అప్పు మొదలైంది. దాంట్లో వడ్డీ భారం అప్పటి ప్రభుత్వం మోసింది.

ఈ అప్పు విలువ తెలియాలంటే ఎదుటివైపు ఏముందో చూడాలి. డైలీ ఫైనాన్స్ గురించి బండివాళ్ళనెవర్ని అడిగినా చెబుతారు. పది వేలు అని రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిది వేలు చేతిలో పెడతాడు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకీ తగ్గిపోతోంది, వడ్డీ మాత్రం మొత్తానికీ మొదటి రోజే పట్టేసుకున్నాడు. ఏడాది లెక్కన చూస్తే దాదాపు ఎనభై శాతం పడుతుంది. ఇక తెల్లారగట్ల మార్కెట్ దగ్గర తొమ్మిది వందలు తీసుకుని సాయంత్రానికి వెయ్యి తిరిగిచ్చే అప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజుకి పదకొండు శాతం అది.

అదే 15,000 బ్యాంకు దగ్గర తీసుకున్నారనుకోండి. వడ్డీ 12 శాతం అనుకుందాం. పన్నెండు నెలలకి నెలకి 1,333 చొప్పున కిస్తీ. మొత్తం వడ్డీ వెయ్యి లోపు. అందులో ఏడో వంతో ఎనిమిదో వంతో కాదు, సగానికి పైగా, అంటే 570 దాటి రాయితీగా వెనక్కి వస్తుంది. చేతినుంచి పోయేది నాలుగు వందల చిల్లర. ఇంతే సొమ్ము డైలీ ఫైనాన్స్‌లో ఏడాది పొడుగునా తిప్పుతూ పోతే ఐదు వేలు దాటుతుంది. ఈ తేడా చూశాక స్వనిధిని తక్కువ చేసి మాట్లాడబుద్ధి కాదు.

మరి ఫైనాన్సు కుర్రాడి బైకు ఇంకా బండ్ల చుట్టూ ఎందుకు తిరుగుతోంది? అతను బండి దగ్గరికే వస్తాడు కాబట్టి. బ్యాంకుకైతే మనం వెళ్ళాలి. వెళ్ళిన పూట బండి ఉండదు, బేరం ఉండదు. ఆధార్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయిన సిమ్ముది అయితే ఇంకో పూట, ఖాతా వాడకంలో లేదంటే మరో పూట. పైగా అతను రోజుకి వంద అడుగుతాడు, బ్యాంకు నెలకోసారి పదమూడు వందలు అడుగుతుంది. రోజు గల్లా మీద బతికేవాళ్ళకి నెలాఖరు అనేది ఉండదు. నెలకోసారి ఒక్కసారిగా పదమూడు వందలు పక్కన పెట్టి ఉంచడం జీతగాడికి తేలిక, జామకాయల పిన్నికి కాదు. మెప్మా పొదుపు సంఘంలో ఉన్న ఆడవాళ్ళు కిస్తీలు కట్టడంలో కాస్త ముందుండడానికి ఇదో కారణం అనుకుంటాను. వారం వారం పక్కన పెట్టే అలవాటు వాళ్ళకి అప్పటికే ఉంది.

కార్డు మీద రాసిన చోటు

అప్పు కావాలంటే ముందు మీరు వీధి వ్యాపారి అని ఎవరో ఒప్పుకోవాలి. మున్సిపాలిటీ సర్వే చేస్తుంది, గుర్తింపు కార్డు, దాంతోపాటు వెండింగ్ సర్టిఫికెట్ ఇస్తుంది. సర్వేలో పేరు జారిపోయినవాళ్ళకి మున్సిపాలిటీ గానీ కమిటీ గానీ విచారణ చేసి సిఫారసు లేఖ ఇవ్వచ్చు. ఆ లేఖ పట్టుకుని స్వనిధికి వెళ్ళచ్చు. పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళెవరైనా సర్టిఫికెట్ అడగచ్చు. వ్యాపారం తామే చేస్తామని, లేదా ఇంట్లోవాళ్ళు చేస్తారని, వేరే జీవనాధారం లేదని, ఆ సర్టిఫికెట్ ఎవరికీ అద్దెకివ్వమని రాసివ్వాలి. వ్యాపారి చనిపోయినా, కాలో చెయ్యో పడిపోయినా ఆ హక్కు భార్యకో భర్తకో, ఆధారపడ్డ పిల్లలకో వస్తుంది. ఈ చివరిది బండివాళ్ళలో చాలామందికి తెలియదు, నాకూ మొన్నటిదాకా తెలియదు.

సర్టిఫికెట్‌కి రకాలున్నాయి. ఒకేచోట ఉండేవాళ్ళకి ఒకటి, తిరిగి అమ్ముకునేవాళ్ళకి ఇంకొకటి. ఒకేచోట ఉండేవాళ్ళదైతే ఆ చోటు ఏదో దాంట్లో ఉండాలి. పిన్ని కార్డు తీయించి చూశాను. చీర కొంగున ముడేసిన ప్లాస్టిక్ కవర్లో, రేషన్ కార్డు నకలు వెనకాల దాచింది. లామినేషన్ అంచులు లేచిపోయాయి. ఫొటోలో ఆవిడ ఇంకో పదేళ్ళు చిన్నగా ఉంది. వ్యాపారం: పండ్లు. స్థలం అన్నచోట రెండే మాటలు: మెయిన్ రోడ్డు.

మా మెయిన్ రోడ్డు పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. ఓ మొదట రైల్వే గేటు, రెండో మొదట కాలవ వంతెన. ఈ కార్డు ప్రకారం పిన్ని ఆ రెండు కిలోమీటర్లలో ఎక్కడైనా ఉండచ్చు, ఎక్కడా ఉండకూడదు కూడా. ట్రాక్టరు వచ్చినప్పుడు ఆవిడ కార్డు చూపించిందట. "మెయిన్ రోడ్డని ఉంది, ఇది కాలవ గట్టు" అన్నారట వాళ్ళు.

2014 చట్టం ఏమంటుంది

ఇక అసలు చిక్కు. రోడ్డు మీద అమ్ముకోవడం దయాదాక్షిణ్యాల మీద జరిగే పని అని మనలో చాలామంది అనుకుంటాం. కాదు. 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగంలోని 19(1)(జి) కింద వచ్చే హక్కేనని చెప్పింది. రోడ్డు నడిచేవాళ్ళకి అడ్డం రాకుండా ప్రభుత్వం దానికి హద్దులు పెట్టచ్చు, అంతే. ఆ తర్వాత పాతికేళ్ళకి ఆ హద్దులు ఎలా పెట్టాలో చెప్పే చట్టం వచ్చింది. వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ, వీధి వ్యాపార నియంత్రణ చట్టం, 2014 మే 1 నుంచి అమల్లో ఉంది.

ఆ చట్టం మున్సిపాలిటీకి చెప్పిన మొదటి పని టౌన్ వెండింగ్ కమిటీ వెయ్యమని. కమిషనరు అధ్యక్షుడు. ట్రాఫిక్ పోలీసులు, ప్లానింగువాళ్ళు, ఆరోగ్యాధికారి, షాపుల సంఘం, కాలనీ సంఘం, బ్యాంకు, అందరూ ఉంటారు. కానీ సభ్యుల్లో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్ళని కమిషనరు ఎంచుకోకూడదు, వ్యాపారులే ఓటేసి ఎన్నుకోవాలి. వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. ఈ కమిటీ దగ్గరుండి అయిదేళ్ళకోసారైనా సర్వే జరగాలి. దాన్నిబట్టి ఊరికి ఓ వెండింగ్ ప్లాను గీయాలి. ఎక్కడ స్వేచ్ఛగా అమ్ముకోవచ్చు, ఎక్కడ వేళాపాళా పాటించాలి, ఎక్కడ అసలు వద్దు అని మూడు రకాల జోన్లు.

ఎంతమందికి చోటివ్వాలో కూడా చట్టంలోనే ఉంది. ఊరి జనాభాలో 2.5 శాతం దాకా. 2011 లెక్కల్లో కాకినాడ జనాభా మూడు లక్షల పన్నెండు వేలు. అంటే ఆ లెక్కన 7,800 మందికి. అన్ని బండ్లకి గీతలు గీసి చూపించాలంటే ఊరి మ్యాపు ముందేసుకుని ఎన్ని రోజులు కూర్చోవాలో ఊహించుకోండి. అందుకే ఎక్కువచోట్ల ఆ పని జరగదు, జరిగినా కాగితం దాటదు.

అన్నింటికన్నా గట్టి మాట మూడో సెక్షన్లో ఉంది. సర్వే పూర్తయి, తేలినవాళ్ళందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఏ వీధి వ్యాపారినీ ఖాళీ చేయించకూడదు, ఇంకోచోటికి మార్చకూడదు. అందరికీ ఇచ్చేదాకా అన్న మాట గమనించండి. పిన్నికి ఇచ్చి పక్క బండికి ఇవ్వకపోతే పని పూర్తి కానట్టే.

తప్పనిసరైతే మార్చచ్చు. దానికి ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మార్చినవాళ్ళకి వేరే చోటు చూపించాలి. నోటీసు గడువు దాటినా కదలకపోతే అప్పుడు సరుకు స్వాధీనం చేసుకోవచ్చు, కానీ ఏమేం తీసుకున్నారో జాబితా రాసి, సంతకం పెట్టి, ఓ ప్రతి వ్యాపారి చేతిలో పెట్టాలి. వ్యాపారి వెళ్ళి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, పాడవనిది రెండు పనిదినాల్లో తిరిగిచ్చెయ్యాలి. జరిమానాకీ హద్దుంది. సర్టిఫికెట్ లేకుండానో, దాని షరతులు తప్పో అమ్మితే 2,000 రూపాయలు దాటకూడదు. తగువు పడితే వినడానికి వేరే కమిటీ ఉండాలి, దాని అధ్యక్షుడు ఒకప్పుడు సివిల్ జడ్జిగానో జ్యుడీషియల్ మేజిస్ట్రేటుగానో చేసినవారై ఉండాలి.

పిన్ని కాటాకి జాబితా లేదు, సంతకం లేదు, నోటీసూ లేదు. ఆవిడకి ఇదంతా చెబితే "కాగితం ఇవ్వాలా బాబూ? కాగితం అడిగితే బండి కూడా అట్టుకుపోతారేమో" అంది.

అప్పు ఇవ్వడానికి ఎవరూ ఏమీ వదులుకోనక్కర్లేదు. డబ్బు బ్యాంకుది, రాయితీ కేంద్రానిది, లెక్కల పట్టికలో ఎంతమందికి ఇచ్చామో రాసుకోవచ్చు. చోటు ఇవ్వాలంటే మాత్రం మున్సిపాలిటీ తన చేతిలో ఉన్నదాన్ని కొంత వదులుకోవాలి. ఇవాళ ఇక్కడ ఉండనిచ్చి రేపు లేపెయ్యగల అధికారం ఉంటుందే, అది. రోడ్డు మీద జాగాకి ఎప్పుడూ ఓ ధర ఉంటుంది. వెనకున్న షాపాయనకి రోజుకింత, ఆశీలు చీటీకి ఇంత, కరెంటు బల్బుకి ఇంత, ఇంకా రాయకూడనివి కొన్ని. గీత గీసి నంబరు వేసి సర్టిఫికెట్‌లో రాసిచ్చిన రోజున ఆ ధరలో సగం ఆవిరైపోతుంది. అందుకే అప్పుల మేళాలు ఊరూరా జరుగుతాయి, వెండింగ్ కమిటీ ఎన్నికలు జరిగాయన్న వార్త మాత్రం నాకెప్పుడూ కంటబడలేదు.

ఆశీలు గురించి ఓ మాట. బయటి ఊళ్ళవాళ్ళకి ఈ మాట కొత్తగా ఉంటుంది గానీ మన దగ్గర చంటిపిల్లాడికి కూడా తెలుసు. మార్కెట్లోనో రోడ్డు పక్కనో అమ్ముకునేవాళ్ళ దగ్గర రుసుము వసూలు చేసే హక్కుని వేలం వేస్తారు. పాట పాడుకున్నవాడి మనిషి పొద్దున్నే చీటీల పుస్తకంతో తిరుగుతాడు. మున్సిపాలిటీ పేరు మీద డబ్బు తీసుకున్నాక ఇక్కడ నీకు చోటు లేదనడం ఏ న్యాయమో నాకు అర్థం కాదు. ఆ చీటీలు పారెయ్యకండి. ఎన్నాళ్ళుగా అక్కడ ఉన్నారో చెప్పుకోవడానికి తేదీలతో సహా చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

కాలవ గట్టు ఎవరిది

ఇంతవరకూ చెప్పింది ఏ ఊరికైనా వర్తిస్తుంది. మా గోదావరి డెల్టాలో ఇంకో ముడి ఉంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి ఊళ్ళు కాలవల వెంట పెరిగాయి. కాలవల్లో పడవలు తిరిగిన రోజుల్లో పడవ ఆగేచోట జనం దిగేవారు, జనం దిగేచోట గంపలు దిగేవి. పడవలు పోయి బస్సులొచ్చాయి, రేవు పోయి వంతెన వచ్చింది, గంపలు మాత్రం అక్కడే ఉన్నాయి. చట్టం ఇలాంటివాటిని సహజ మార్కెట్లు అంటుంది. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ తమంతట తాము ఏళ్ళ తరబడి కలుస్తున్న చోటు. యాభై ఏళ్ళు దాటి వ్యాపారం సాగుతున్న చోటైతే దాన్ని వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడివాళ్ళని కదపకూడదు. ఆ లెక్కన డెల్టా ఊళ్ళలో ఎన్ని వంతెనల మొదళ్ళు వారసత్వ మార్కెట్లవుతాయో!

కానీ కాలవ గట్టు జలవనరుల శాఖది. ఊళ్ళోంచి పోయే పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీది. కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా పోయే 216 జాతీయ రహదారి హైవేవాళ్ళది. స్టేషను రోడ్డులో ఓ గీత దాటితే రైల్వేది, రైల్వే భూమికి ఈ చట్టం వర్తించదని చట్టంలోనే రాసి ఉంది. కాలవ గట్టుకి అలాంటి మినహాయింపేమీ రాయలేదు. వీధి, సందు, ఫుట్‌పాత్, పార్కు, ఇంకే బహిరంగ స్థలమైనా అని చెప్పింది చట్టం. అయినా మున్సిపాలిటీని అడిగితే "గట్టు మాది కాదు, ఇరిగేషన్‌ది" అంటుంది. ఇరిగేషన్‌వాళ్ళు "వ్యాపారులు మాకు సంబంధం లేదు, ఆక్రమణలు తీసెయ్యడమే మా పని" అంటారు. ట్రాక్టరు మాత్రం ఎవరి స్థలమో అడక్కుండా వస్తుంది. ఇరిగేషన్, ఆర్ అండ్ బీ ఇంజినీర్లని కూడా వెండింగ్ కమిటీ సమావేశానికి పిలిచి కూర్చోబెడితే తప్ప ఈ ముడి విడదు. పిలవద్దని ఎవరూ అనలేదు.

రెండో ముడి ఋతువులది. మొదట్లో చెప్పినట్టు పిన్ని సరుకు మూడుసార్లు మారుతుంది. ఆవిడైనా ఏడాదంతా ఉంటుంది. వేసవిలో రెండు నెలలు ముంజలకి వచ్చేవాళ్ళు, గోదారికి ఎర్రనీళ్ళొచ్చినప్పుడు పులసలు పట్టుకొచ్చే గంపలవాళ్ళు, పుష్యమాసంలో తేగలు, పండగల ముందు మట్టి ప్రమిదలు, వినాయకచవితికి పత్రి. ఏప్రిల్లో ఓ వారం సర్వే చేస్తే పులసల గంప ఎక్కడుంటుంది? ఆగస్టులో చేస్తే ముంజలవాడు ఎక్కడుంటాడు? చట్టం వారపు సంతలనీ, పండగ బజార్లనీ, రాత్రి బజార్లనీ కూడా ప్లానులో పెట్టమంది. సర్వే చేసే కుర్రాడి చేతిలో ఫోన్ ఉంది, అందులో ఓ ఫారం ఉంది, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ ఫొటో తీస్తాడు. అతని తప్పు కాదు, ఏడాదిలో మూడుసార్లు రమ్మని అతనికెవరూ చెప్పలేదు.

మూడోది ఊరికీ పట్నానికీ మధ్య గీత. ఈ చట్టం మున్సిపాలిటీలు, నగర పంచాయతీల కోసం రాసింది. అమలాపురం మున్సిపాలిటీ, ముమ్మిడివరం నగర పంచాయతీ, సరే. అంబాజీపేట, రాజోలు గ్రామ పంచాయతీలే. సాయంత్రం పూట అంబాజీపేట సెంటర్లో నిలబడి ఇది పల్లెటూరంటే నవ్వుతారు. పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించే పొట్టిక్కబుట్టలు అమ్మే ఆవిడకీ, కాకినాడలో ఇడ్లీ బండాయనకీ పనిలో తేడా లేదు, చట్టం దగ్గర మాత్రం తేడా ఉంది. 2025 మార్పుల్లో స్వనిధిని సెన్సస్ టౌన్లకీ (పంచాయతీలే అయినా జనాభా లెక్కల్లో పట్నాలుగా రాసుకున్న ఊళ్ళు), పట్నాల చుట్టుపక్కల ఊళ్ళకీ దశలవారీగా విస్తరిస్తామన్నారు. అంటే ఇక్కడా అప్పే ముందు నడుస్తోంది.

అవతలివాళ్ళ మాట

బండివాళ్ళ పక్షాన ఇంత రాశాక రెండోవైపు కూడా చెప్పాలి. నెలకి పాతిక వేలు అద్దె కట్టే షాపాయన తన గుమ్మం ముందు బండి పెడితే ఊరుకోలేడు. పక్కింటి పెద్దాయన నడక కోసం బయలుదేరి ఫుట్‌పాత్ లేక రోడ్డెక్కి బైకు కింద పడబోయాడు. నూనె కాలవలో పారబోసే బజ్జీ బండ్లు నేను కళ్ళారా చూశాను. సాయంత్రానికి చుట్టుపక్కల శుభ్రం చేసి వెళ్ళాలని, మున్సిపాలిటీ ఇచ్చే సౌకర్యాలకి నెలవారీ చార్జీ కట్టాలని ఆ చట్టమే వ్యాపారులకీ బాధ్యతలు పెట్టింది. ఆహారం అమ్మేవాళ్ళకి శుభ్రతలో శిక్షణ ఇవ్వడం కూడా కొత్త స్వనిధిలో ఉంది.

ఒక్కోసారి ఖాళీ చేయించడం ప్రాణాలతో ముడిపడిన సంగతి. 2015 జూలై 14న, పుష్కరాల మొదటిరోజు, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయారు. ఆ రోజు తలుచుకుంటే ఘాట్ల దారుల్లో అడ్డం ఏదీ ఉండకూడదనే అంటాను. మళ్ళీ పుష్కరాలు 2027లో. రోడ్ల వెడల్పు, ఘాట్ల పని, సుందరీకరణ అన్నీ ఒక్కసారే మొదలవుతాయి. అసలు పరీక్ష అక్కడే. గడువు దగ్గరపడ్డాక ఓ రాత్రి జేసీబీ పంపితే గందరగోళం. అదే ఇప్పుడే సర్వే చేసి, ఘాట్ల దారులు వదిలేసి, పుష్కరాల పన్నెండు రోజులకి వేరే పండగ బజారు గీతలు గీసి, ఆ తర్వాత ఎవరు ఎక్కడికి తిరిగి రావాలో రాసిస్తే చట్టం ప్రకారం అయినట్టు. వచ్చే లక్షల మందికి టిఫినూ మంచినీళ్ళూ అందించేది కూడా చాలావరకు ఈ బండ్లే.

ఖాళీ చేయించి ఎక్కడికి పంపుతారన్నది కూడా ముఖ్యమే. ఊరి చివర షెడ్లు కట్టి, నంబర్లు వేసి, రిబ్బను కత్తిరించి బండివాళ్ళని అక్కడికి వెళ్ళమంటే రెండు వారాల్లో తిరిగొచ్చేస్తారు. వాళ్ళది మొండితనం అనుకుంటాం. ఇంటికెళ్ళే దారిలో కనబడితేనే జామకాయలు కొంటాం, వాటి కోసం ఎవరూ బండేసుకుని వెళ్ళరు. చట్టంలో సహజ మార్కెట్ అన్న మాట పెట్టింది అందుకే.

కమిటీ కావాలని అడిగేవాళ్ళు ఎవరన్నది మిగిలింది. మామూలుగానైతే కౌన్సిలరు. కానీ 2021లో రాష్ట్రంలో మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు రాజమహేంద్రవరం, భీమవరం లాంటి పెద్ద ఊళ్ళలో జరగలేదు, ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. వార్డులో ఎవరి తలుపు కొట్టాలో తెలియని పరిస్థితి. అయితే వెండింగ్ కమిటీకి కౌన్సిలుతో పని లేదు, అధ్యక్షుడు కమిషనరే. బండివాళ్ళు పదిమంది కలిసి, మా ప్రతినిధుల ఎన్నిక ఎప్పుడు, కమిటీ ఆఖరున ఎప్పుడు కూర్చుంది, ప్లాను కాపీ ఇవ్వండి అని సమాచార హక్కు కింద ఓ కాగితం పెట్టచ్చు. సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో కూడా ఇవ్వచ్చు. బండి దగ్గర ట్రాక్టరుతో వాదన పెట్టుకోవడం కన్నా అది మేలు.

పిన్ని మర్నాడు మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళింది, నన్నూ రమ్మంది. కాటా ఇచ్చారు. మూడు వందలు కట్టించుకున్నారు, రసీదు అడిగితే రేపు రమ్మన్నారు. పనిలో పనిగా కార్డు మీద స్థలం సరిచేయమని అర్జీ రాద్దామని వరండాలో బల్ల మీద కూర్చున్నాం. "ఏం రాయమంటావు పిన్నీ, కాలవ వంతెన అని రాయనా?" అన్నాను.

"వంతెనకి ఇటా అటా అని మళ్ళీ అడుగుతారు బాబూ. దక్షిణం గట్టు అని రాయండి. రావిచెట్టు కింద అని కూడా రాయండి. చెట్టుకీ కరెంటు స్తంభానికీ మధ్య ఆరడుగులు. నా చేత్తో కొలిచేను" అంది.

ఆరడుగులు అని అంకెలోనూ అక్షరాల్లోనూ రాశాను. ఆవిడ వేలిముద్ర వెయ్యనంది. సంతకం నేర్చుకుందట, లోను కాగితాల కోసం.